గోల్డీ, ఫిలడెల్ఫియా: తిండికి 5 స్టార్లు, గుమ్మం ముందు గొడవకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ఇది తిండి రివ్యూనే. కానీ ఈ కొట్టు గురించి తిండి ఒక్కటే రాసి వదిలేస్తే సగం దాచినట్టు ఉంటుంది. ఫిలడెల్ఫియా సెంటర్ సిటీలో సాన్సమ్ స్ట్రీట్ మీద ఉన్న గోల్డీ పేరు చెప్తే ఇక్కడ చాలామందికి ఫలాఫెల్ కంటే ముందు ఒక వీడియో గుర్తొస్తుంది. 2023 డిసెంబరు 3, ఆదివారం రాత్రి. గాజా యుద్ధాన్ని ఆపమంటూ ఊరేగింపుగా వెళ్తున్న వందల మంది ఈ కొట్టు ముందు ఆగి "గోల్డీ, గోల్డీ, నువ్వు దాక్కోలేవు, నీ మీద జాతిహత్య నేరం మోపుతున్నాం" అని అరిచారు. ఇంగ్లీషులో దానికి ప్రాస కుదిరింది కాబట్టి అరవడానికి బాగానే ఉంటుంది. తెలుగులో చెప్పుకుని చూడండి, గారెల కొట్టు మీద జాతిహత్య కేసు.

సరే, ముందు తిండి సంగతి.

మాది ఎక్స్‌టన్ వైపు, శాకాహారం. అమెరికాలో శాకాహారి బయట తినడం అంటే తిండి కంటే ప్రశ్నలు ఎక్కువ. ఇందులో గుడ్డుందా, అందులో చికెన్ బ్రోత్ పోశారా, చీజ్‌లో ఏం కలిపారు అని అడిగీ అడిగీ కౌంటర్ అబ్బాయి మొహం మాడిపోయాక ఫ్రైస్ తీసుకుని వచ్చేస్తాం. గోల్డీలో ఆ టెన్షన్ లేదు. మెనూ మొత్తం వీగనే. ఫలాఫెల్ శాండ్‌విచ్, సలాడ్, ఫ్రైస్, తహీనీ షేకులు, దాదాపు అంతే. షేకులో కూడా పాలు ఉండవు, నువ్వుల ముద్దతోనే చేస్తారు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తిన్న కొట్టు ఇదొక్కటే.

ఫలాఫెల్ అంటే తెలియనివాళ్ళకి: పెద్ద శనగలు నానబెట్టి, ఉడికించకుండా పచ్చివే రుబ్బి, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర వేసి నూనెలో వేయించేది. మన మసాలా వడకి పిన్ని కూతురు వరస. విరిస్తే లోపల పచ్చగా ఉంటుంది, పైన కరకరలాడుతుంది. దాన్ని జేబులా తెరుచుకునే పీటా రొట్టెలో కూరి, కూరగాయ ముక్కలు, పైన తహీనీ. వద్దన్నా కారుతుంది, నాప్‌కిన్లు నాలుగు ముందే పట్టుకోండి.

ఇక్కడ కాసేపు ఆగాలి, శాండ్‌విచ్‌లో వేసే 'అంబా' దగ్గర. పసుపుపచ్చగా, మెంతుల వాసనతో, పుల్లగా ఉండే మామిడికాయ పచ్చడి. అమ్మ వేలితో నాకి చూసి "ఇది మన పచ్చడేనే, కారం మర్చిపోయారు" అంది. నిజంగానే మన దేశపు సరుకే అది, పేరులోనే ఉంది చూడండి, మరాఠీలో మామిడిపండు ఆంబా. బొంబాయిలో వ్యాపారాలు చేసిన బాగ్దాదు యూదులు ఈ పచ్చడిని ఇరాక్‌కి పట్టుకెళ్ళారని చెప్తారు. 1941 జూన్‌లో బాగ్దాదులో యూదుల ఇళ్ళ మీద, కొట్ల మీద రెండు రోజులు దాడులు జరిగాయి, దాన్నే ఫర్హూద్ అంటారు. 1950, 51ల్లో లక్షమందికి పైగా ఇరాక్ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్‌కి వెళ్ళిపోయారు, పచ్చడి జాడీలు కూడా వాళ్ళతో పాటే. మరి ఫలాఫెల్? అది అరబ్బులది, ఈజిప్టులో చిక్కుడు గింజలతో చేసే తామియా దగ్గర మొదలైందంటారు. పాలస్తీనావాళ్ళు "మా తిండికి ఇజ్రాయెలీ అని బోర్డు పెట్టుకుంటారేంటి" అని అడిగితే అందులో నాకు తప్పు కనిపించదు. పూతరేకులకి ఎవరైనా వేరే రాష్ట్రం పేరు పెడితే మనం ఊరుకుంటామా.

ఇక ఆ రాత్రి సంగతి.

ఈ కొట్టు ఓనర్లలో మైకేల్ సొలొమొనోవ్ ఒకడు. ఇజ్రాయెల్‌లో పుట్టి, పిట్స్‌బర్గ్‌లో పెరిగాడు. ఇదే ఊళ్ళో జహావ్ అనే పెద్ద రెస్టారెంటు కూడా వీళ్ళదే, 2019లో జేమ్స్ బియర్డ్ అవార్డుల్లో దేశం మొత్తానికి ఉత్తమ రెస్టారెంటుగా గెలిచింది. అతని తమ్ముడు ఇజ్రాయెల్ సైన్యంలో ఉండగా 2003లో లెబనాన్ సరిహద్దులో చనిపోయాడు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయాక, వీళ్ళ రెస్టారెంట్లన్నీ కలిసి ఒకరోజు అమ్మకం డబ్బుని యునైటెడ్ హట్జాలా అనే సంస్థకి ఇచ్చాయి. అది అంబులెన్సు వాలంటీర్ల సంస్థ, అందులో యూదులతో పాటు అరబ్బులూ పనిచేస్తారు. అది సైన్యానికి కూడా సాయం చేస్తోంది, అందుకే బహిష్కరించమన్నాం, ఓనరు యూదుడని కాదు అనేది నిరసనకారుల మాట.

ఈ మాటని కొట్టిపారేయడం తేలికే, కానీ మా పిన్ని కూతురు నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. నాతో గోల్డీ దాకా వచ్చింది, లోపలికి రాలేదు. నేను ఆర్డరు తీసుకుని బయటికి వచ్చేసరికి ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్ చూసుకుంటోంది. "నువ్వు తిను అక్కా, నాకు వద్దు" అంది. ఇద్దరం నడుచుకుంటూ రిటెన్‌హౌస్ స్క్వేర్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం, నేను తింటున్నా, అది మంచినీళ్ళు తాగుతోంది.

"ఆ రోజుకే గాజాలో చచ్చిపోయినవాళ్ళు 15 వేలు దాటారు అక్కా. దాని గురించి గవర్నరు ట్వీటు ఎక్కడ? కొట్టు ముందు మూడు నిమిషాలు అరిస్తే వైట్‌హౌస్ దాకా వెళ్ళింది."

నిజమే, వెళ్ళింది. మా పెన్సిల్వేనియా గవర్నరు జాష్ షపీరో ఆ రాత్రే ఇది పచ్చి యూదు ద్వేషం అన్నాడు, ఓనరు యూదుడు, ఇజ్రాయెలీ కాబట్టే ఆ కొట్టు మీద పడ్డారన్నాడు, చరిత్రలో చీకటి రోజులు గుర్తొస్తున్నాయన్నాడు. వైట్‌హౌస్ కూడా ఖండించింది. తర్వాత గవర్నరే వచ్చి ఇక్కడ భోంచేశాడు. గోల్డీ గొడవకి వారం ముందే వెర్మాంట్‌లో బర్లింగ్టన్ ఊళ్ళో ముగ్గురు పాలస్తీనా కుర్రాళ్ళని రోడ్డు మీద కాల్చారు, అందులో ఒకరికి ఛాతీ కింద నుంచి చచ్చుబడిపోయింది. మా చెల్లి ఆ మాటెత్తితే నా దగ్గర జవాబు లేదు, శాండ్‌విచ్ ఉంది అంతే.

చీకటి రోజులు అంటే 1933 ఏప్రిల్ 1 అనుకుంటా, జర్మనీలో యూదుల కొట్ల ముందు నాజీలు నిలబడి "యూదుల దగ్గర కొనకండి" అని బోర్డులు పట్టుకున్న రోజు. ఈ పోలిక నాకు అతకలేదు. అక్కడ గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళు సర్కారు మనుషులు, ఇక్కడ సర్కారు లోపలికొచ్చి ఫలాఫెల్ తిని వెళ్ళింది. అంత తేడా ఉంది. అయితే లోపల పీటాలు సర్దుతున్న పిల్లకి ఆ నిమిషంలో ఈ తేడా కనపడుతుందా? అద్దాల అవతల వందల మంది, చేతుల్లో జెండాలు, నోట్లో తన కొట్టు పేరు. పైగా ఓనరు పెరిగిన పిట్స్‌బర్గ్‌లోనే 2018లో ఒకడు యూదుల ప్రార్థనాలయంలోకి తుపాకీతో వెళ్ళి 11 మందిని చంపాడు. వాడికీ పాలస్తీనాకీ ఏ సంబంధమూ లేదు, తెల్లజాతి పిచ్చోడు. కానీ భయం అనేది ఎవరు ఏ పార్టీ అని అడిగి రాదు కదా.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించారు, అంతే కదమ్మలూ" అన్నాను. అది వెంటనే "దుత్త అత్తకి చందా ఇచ్చింది అక్కా" అంది. నవ్వొచ్చింది, తెలివైన పిల్ల.

ఇంటికొచ్చాక ఆ చందా దగ్గరే ఆగిపోయాను. అసలు యూదు ద్వేషం అంటే ఏంటి అని రెండు నిర్వచనాల మీద ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. 2016లో ఐహెచ్‌ఆర్‌ఏ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టినది ఒకటి, అది ఇజ్రాయెల్ మీద విమర్శకి కూడా గొళ్ళెం పెట్టేస్తోందని భావించిన పండితులు 2021లో రాసుకున్న జెరూసలేం డిక్లరేషన్ ఇంకొకటి. రెండోది బహిష్కరణ దానంతట అది యూదు ద్వేషం కాదని తేల్చి చెప్తుంది, అంటే మా చెల్లికి అనుకూలం. కానీ ఒక్క దగ్గర రెండూ కలుస్తాయి: ఇజ్రాయెల్ చేసినదానికి యూదులందరినీ జవాబుదారీ చెయ్యడం ద్వేషమే అని. అంబులెన్సు వాలంటీర్లకి ఒకరోజు గల్లాపెట్టె ఇచ్చినవాడి దగ్గర కొనను అనొచ్చు, ఎందుకు కొనకూడదో కరపత్రం పంచొచ్చు, అది వాళ్ళ హక్కు. కానీ "జాతిహత్య నేరం" అనే మాట బాంబులు వెయ్యమని సంతకం పెట్టినవాడికి వాడే మాట. దాన్ని ఫిలడెల్ఫియాలో శనగలు రుబ్బే కొట్టుకి తగిలించారంటే, మధ్యలో సైన్యం, మంత్రి, ప్రధాని అన్నీ ఎగిరిపోయి మిగిలింది ఒక్కటే, ఇజ్రాయెల్‌లో పుట్టిన యూదుడు. వాళ్ళ మనసులో ద్వేషం ఉందా లేదా నాకు తెలీదు, అరుపు మాత్రం అక్కడికే చేరింది. సిడ్నీలో అయితే ఆ మాత్రం ముసుగు కూడా లేదు, 2023 అక్టోబరు 9న ఆపెరా హౌస్ దగ్గర కొందరు నేరుగా యూదులనే బూతులు తిట్టారు. మొదట్లో "యూదులని గ్యాస్ పెట్టి చంపండి" అన్నారని ప్రచారమైంది, తర్వాత పోలీసులు నిపుణుడితో వినిపిస్తే "యూదులెక్కడ" అన్నారని తేలింది. దీన్ని కొంతమంది ఊరట కలిగించే వార్తలా షేర్ చేసుకున్నారు, అదేం ఊరటో.

మా చెల్లికి ఇంకో భయం ఉంది, దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించింది. ఎఫ్ వన్ వీసా. 2025లో నిరసనల్లో పాల్గొన్న విదేశీ విద్యార్థుల్ని పట్టుకుని డిటెన్షన్‌లో పెట్టారు, కొలంబియాలో పీహెచ్‌డీ చేస్తున్న మన దేశపు అమ్మాయి ఒకామె వీసా రద్దయి కెనడా వెళ్ళిపోయింది. యూదుల్ని కాపాడుతున్నాం అనేదే దీనికంతా చెప్పిన కారణం. ఒక పిల్ల వీసా పీకేస్తే ఈ గోల్డీ కౌంటర్ వెనక నిలబడ్డవాళ్ళు ఏ విధంగా క్షేమమో నాకు ఎవరైనా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో, యూదుల పాస్‌ఓవర్ పండగ మొదటి రాత్రి గడిచి తెల్లారకముందే, హారిస్‌బర్గ్‌లో, తనూ యూదుడైన ఇదే షపీరో ఇంట్లోకి ఒకడు పెట్రోలు సీసాలు విసిరాడు. పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ లోపల నిద్రపోతున్నారు. వాడు పోలీసులకి ఫోన్ చేసి మరీ పాలస్తీనావాళ్ళ పేరు చెప్పాడు. షపీరో గాజా మీద యుద్ధం చేసే సైన్యానికి అధిపతా? పెన్సిల్వేనియాలో రోడ్లు వేయించే మనిషి.

మనవాళ్ళ సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా తెల్లోళ్ళ గొడవ అనుకుంటాం. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక అంకుల్ వారానికోసారి ఫార్వర్డ్ పెడతారు, "యూదులు గుప్పెడు మందే, కానీ ప్రపంచం మొత్తాన్ని వాళ్ళే నడిపిస్తున్నారు, బ్యాంకులు వాళ్ళవే, మీడియా వాళ్ళదే, మనం నేర్చుకోవాలి" అని, కింద చప్పట్ల బొమ్మలు. ఆయన పొగుడుతున్నాననే అనుకుంటున్నారు. అదే మాట యూరప్‌లో వందేళ్ళ కిందట తిట్టుగా రాసి, దాని పేరు మీద జనాన్ని చంపారు. ఒకసారి "అంకుల్, మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనే ఎఫ్రాయిమ్ అంటారు, వాళ్ళు ఏ బ్యాంకు నడుపుతున్నారో కనుక్కోండి" అని పెట్టాను. మాది తెనాలి లెండి, పక్కనే. ఆ రోజు నుంచి ఆయన నాకు గుడ్ మార్నింగులు కూడా మానేశారు.

ఇంకో విషయం, నిరసనల్లో ఉన్నవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టొద్దు. గోల్డీ గొడవ జరిగిన అదే 2023 డిసెంబరులో, యూదుల హనుకా పండగ రోజుల్లో, ఇదే ఊళ్ళో యూదు కుర్రాళ్ళే కాల్పుల విరమణ కోసం రోడ్డుకి అడ్డంగా కూర్చుని అరెస్టయ్యారు. "వాళ్ళని కూడా యూదు ద్వేషులు అంటావా" అని మా చెల్లి అడిగింది. అనను.

ఆ సాయంత్రం తిరిగొస్తూ అది చూపించిన పాలస్తీనావాళ్ళ కొట్టుకి కూడా వెళ్ళాం. అక్కడా ఫలాఫెల్ తిన్నా, రెండు గంటల తేడాలో రెండోసారి, అవును, నా పొట్ట నా ఇష్టం. అక్కడ దోసకాయ, ముల్లంగి పచ్చళ్ళు అద్దిరిపోయాయి, ఫలాఫెల్ ఇంకొంచెం మెత్తగా, ఘాటుగా. ఏది బాగుందని అది అడిగితే పీటా గోల్డీది, పచ్చళ్ళు ఇక్కడివి అన్నాను. కౌంటర్ దగ్గర పెద్దాయన మీదే దేశం అని అడిగి, ఇండియా అనగానే ఇంకో ఫలాఫెల్ ఊరికే వేసిచ్చాడు. ఆయన్ని కూడా ఎవరో ఒకరు హమాస్ గురించి నిలదీసే ఉంటారు.

గోల్డీకి వెళ్ళేవాళ్ళకి: కూర్చోవడానికి పెద్ద చోటుందనుకోకండి, తీసుకుని స్క్వేర్‌కి నడవండి, దగ్గరే. కారం కావాలంటే హరీసా అడగండి, పుల్లగా కావాలంటే అంబా. కారు తేవద్దు, సెంటర్ సిటీలో పార్కింగ్ డబ్బులతో ఇంకో శాండ్‌విచ్ వస్తుంది. షేక్ మాత్రం అక్కడే తాగేయండి, ఎక్స్‌టన్ దాకా మోసుకొస్తే నువ్వుల పాలే మిగులుతాయి.