చవగ్గా వచ్చిన లోయర్: 4473 మీద సంతకం పెట్టకముందే చూసుకోండి

ఏఆర్-15 రైఫిల్ సొంతంగా బిగించుకుందామని ఆన్‌లైన్ సేల్‌లో స్ట్రిప్డ్ లోయర్ (ట్రిగ్గర్, మ్యాగజీన్ కూర్చునే కింది చట్రం, లోపలి భాగాలేవీ బిగించనిది) ఆర్డర్ పెడుతున్న అమెరికా మనవాళ్లకు ఇది హెచ్చరిక. సరుకు డీలర్ కౌంటర్ మీదికి వచ్చాక, ఫారం 4473 (డీలర్ దగ్గర తుపాకీ తీసుకునేటప్పుడు నింపే ఫెడరల్ పత్రం) మీద సంతకం పెట్టకముందే దాన్ని పట్టిపట్టి చూడండి. సంతకం పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయి, ఇంటికి తెచ్చుకున్నారంటే ఇక అది వాడిన తుపాకీ లెక్కే. అమ్మినవాడు "ట్రాన్స్‌ఫర్ అయిపోయిందిగా, తయారీదారుతో మాట్లాడుకోండి" అంటాడు. తయారీదారు "పంపించండి, చూసి చెబుతాం" అంటాడు. ఈలోపు మీరు కొన్న అప్పర్ (బ్యారెల్, బోల్ట్ కూర్చునే పై చట్రం), బ్యారెల్, స్టాక్ డబ్బాల్లోనే మూలుగుతుంటాయి.

చట్టం దృష్టిలో తుపాకీ అంటే లోయరే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. బ్యారెల్, బోల్ట్, ట్రిగ్గర్ చాలా రాష్ట్రాల్లో నేరుగా ఇంటికే వస్తాయి, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. సీరియల్ నంబర్ ఉన్న లోయర్ మాత్రం లైసెన్స్ డీలర్ చేతుల మీదుగానే రావాలి.

ఎక్కువ మంది దెబ్బతినేది "బ్లెమ్" సరుకుతో. బ్లెమ్ అంటే రంగు తేడా, గీత, మచ్చ లాంటి పైపై లోపం మాత్రమే కావాలి. కానీ కొలతలు తప్పిన పీసులు కూడా అదే కుప్పలో కలిసిపోతుంటాయి. లోపం పైపైనే అని అమ్మకం పేజీలో రాతపూర్వకంగా లేకుండా, "ఫైనల్ సేల్" అని మాత్రం ఉంటే ఆ బేరం వదిలేయండి. ఎద్దును కొనేవాడు పళ్లు చూడకుండా డబ్బు లెక్కపెట్టడు కదా.

కౌంటర్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకండి. రెండు ఖాళీ మ్యాగజీన్లు (ఒకటి అల్యూమినియం, ఒకటి పాలిమర్), ఒక టేక్‌డౌన్ పిన్ (అప్పర్, లోయర్‌లను కలిపి ఉంచేది), ఒక ట్రిగ్గర్ పిన్, చిన్న టార్చి, ఉంటే బఫర్ ట్యూబ్ (లోయర్ వెనక స్టాక్ ఎక్కే గొట్టం) కూడా పట్టుకెళ్లండి. ముందే ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫర్‌కు ముందు చూడనిస్తారా అని అడగండి. చూడనివ్వం అనే షాపుకు సరుకు పంపించుకోకండి. మొత్తం పది నిమిషాల పని.

మొదట ట్రిగ్గర్, హ్యామర్ పిన్ను రంధ్రాలు. వీటి కొలత 0.154 అంగుళాలు. పిన్ను వేలితో నెట్టితే కొద్దిపాటి బిగువుతో దూరాలి, లోయర్‌ను పక్కకు వంచగానే జారి పడిపోకూడదు. అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం ఇక్కడే. రంధ్రం వదులైనా, రెండు గోడల్లోని రంధ్రాలు ఒకే గీతలో లేకపోయినా హ్యామర్, ట్రిగ్గర్ ఒకదాన్నొకటి పట్టుకునే అంచులు సరిగా కూర్చోవు. అప్పుడు ఒక్కసారి నొక్కితే రెండు పేలొచ్చు, సేఫ్టీని కదిపినప్పుడు హ్యామర్ పడొచ్చు. పెద్ద సైజు పిన్నులు వేసి సర్దుకుంటామనే వాళ్లుంటారు. అది వైద్యం కాదు, కట్టు కట్టడం. అలాంటి పీసు మీకొద్దు. టార్చి వేసి రంధ్రం లోపలి గోడ కూడా చూడండి. తళతళా తెల్లగా మెరుస్తుంటే, ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి పూత వేయడం) అయిపోయాక మళ్లీ డ్రిల్ పెట్టారని అర్థం. గట్టి పూత లేని అల్యూమినియం త్వరగా అరుగుతుంది.

తర్వాత మ్యాగజీన్ వెల్, అంటే మ్యాగజీన్ దూరే గుంట. స్ట్రిప్డ్ లోయర్‌లో మ్యాగజీన్‌ను పట్టి ఉంచే క్యాచ్ ఉండదు గనుక ఖాళీ మ్యాగజీన్ పెట్టి వదిలితే తన బరువుకే కింద పడాలి. ఒక రకం మ్యాగజీన్ పడి ఇంకోటి ఇరుక్కుంటే లోపం మ్యాగజీన్‌దా, వెల్‌దా అన్నది తేల్చుకోవాలి. అందుకే రెండు రకాలు తెమ్మన్నది. క్యాచ్ గాడి ఎత్తు తప్పితే సంగతి వేరు. మ్యాగజీన్ కిందికి కూర్చుంటే బోల్ట్ తూటాను అందుకోకుండా దాటిపోతుంది, పైకి కూర్చుంటే బోల్ట్ మ్యాగజీన్ పెదవులకు తగులుతుంది. ఇది కౌంటర్ దగ్గర కంటికి తెలియదు. భాగాలన్నీ బిగించి వచ్చే కంప్లీట్ లోయర్ కొంటే అక్కడే పెట్టి చూడొచ్చు.

బఫర్ ట్యూబ్ మరలు (1-3/16 అంగుళాలు, అంగుళానికి 16 చుట్లు) చేత్తోనే ఎక్కాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే బలవంతం చేయకండి, మర తెగుతుంది. ట్యూబ్ ముందు పెదవి బఫర్ రిటైనర్ పిన్నును (ట్యూబ్‌లోని బఫర్ ముందుకు రాకుండా ఆపేది) కొద్దిగా కప్పి పట్టుకునేలా, ఆ పిన్ను కూర్చునే చిన్న రంధ్రం చోటు ఉండాలి. దూరంగా తవ్వి ఉంటే పిన్ను ఎగిరి ట్రిగ్గర్ గుంటలో పడి తుపాకీ బిగుసుకుపోతుంది. మిల్‌స్పెక్ (సైనిక ప్రమాణం) ట్యూబ్ వ్యాసం 1.148, కమర్షియల్ 1.168 అంగుళాలు. రెండూ లోయర్‌కు ఎక్కుతాయి, స్టాక్ మాత్రం ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. దీన్ని లోయర్ లోపమని వాపసు పెట్టి నవ్వులపాలు కాకండి.

ట్రిగ్గర్ గార్డు బిగించే వెనక చెవులను గోటితో తడిమి చూడండి. పగులు ఉంటే తిప్పి పంపండి. మంచిగా ఉన్నా, ఇంట్లో కింద ఆధారం పెట్టకుండా రోల్ పిన్నును సుత్తితో కొట్టారంటే ఈ చెవి విరుగుతుంది. అది మీ లెక్కలోనే పడుతుంది, వారంటీకి రాదు.

లోహం గురించి ఎక్కువ గాబరా వద్దు. 7075-టి6 రకం అల్యూమినియం ఫోర్జింగ్ (ఒత్తిడితో ఆకారం తెచ్చిన ముక్క), హార్డ్‌కోట్ ఆనోడైజింగ్ ఉంటే చాలు. ముడి ఫోర్జింగులు కొద్ది కర్మాగారాల నుంచే చాలా బ్రాండ్లకు వెళ్తాయి, తేడా అంతా తర్వాతి మిషన్ పనిలోనే. కాబట్టి "ఫలానా బ్రాండూ ఇదీ ఒకటే" అనే మాట సగమే నిజం. పోత పోసినవి వద్దు. పాలిమర్ అయితే బఫర్ ట్యూబ్ ఎక్కే రింగు దగ్గర విరుగుతుంది, అందరికీ తెలిసిన బలహీనతే. అప్పర్ లోయర్ కలిపాక కాస్త గలగలమంటే కంగారొద్దు, గురికి దాంతో పని లేదు. ఆ బిగువు కోసం అదనపు డబ్బు ఇవ్వడం నా దృష్టిలో దండగ.

.308 (ఏఆర్-15 కంటే పెద్ద తూటా వాడే రైఫిల్) కట్టాలనుకునేవాళ్లకు వేరే గండం ఉంది. ఏఆర్-15కు ఉన్నట్టు దానికి ఒకే ప్రమాణం లేదు. డీపీఎంఎస్, ఆర్మలైట్ అనే తయారీ కంపెనీల పేర్లతో రెండు తీరులున్నాయి. డీపీఎంఎస్ తీరు లోయర్ వెనక గుండ్రని కోత, ఆర్మలైట్ తీరుది వాలు కోత. అప్పర్ ఒక తీరు, లోయర్ ఒక తీరు తెస్తే కలవవు. అప్పర్, లోయర్ ఒకే తయారీదారు దగ్గర తీసుకోండి.

ఇక కాగితాల చిక్కులు. ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ దగ్గర రైఫిల్‌కు 18 ఏళ్లు చాలు గానీ ఉత్త రిసీవర్‌కు (లోయర్‌కు చట్టంలో పేరు ఇదే) 21 నిండాలి. పైగా రిసీవర్‌ను పక్క రాష్ట్రం డీలర్ మీకు ఇవ్వలేడు, సొంత రాష్ట్రంలోనే తీసుకోవాలి. 4473లో అది "రైఫిల్" అని కాకుండా "ఇతర" గడిలో పడిందో లేదో చూసుకోండి. న్యూజెర్సీ, ఇల్లినాయ్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వాసులు ఆర్డర్ పెట్టకముందే స్థానిక డీలర్‌ను అడగండి, అక్కడి నిషేధాలు వేరు.

హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లకు కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, వాటిని లాయరుతో తేల్చుకున్నాకే ముందుకెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్న బావగారి పేరు మీద కొనిపిద్దాం అనుకుంటే అది స్ట్రా పర్చేజ్, అంటే బినామీ కొనుగోలు. 2022 నుంచి దానికి 15 ఏళ్ల దాకా శిక్ష వేయొచ్చు, ఇద్దరి ఇమ్మిగ్రేషన్‌కూ ఎసరు.

"80 శాతం లోయర్" (మిగతా మిషన్ పని కొన్నవాడే చేసుకునేలా సగంలో ఆపినది) పేరుతో సీరియల్ నంబర్ లేకుండా అమ్మే సరుకు జోలికి పోకండి. ఆ తరహా కిట్ల మీద 2022 నాటి ఫెడరల్ నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చిలో నిలబెట్టింది. సేఫ్టీ రంధ్రం పైన అదనంగా ఇంకో రంధ్రం కనిపిస్తే ఆ పీసును చేత్తో కూడా ముట్టకుండా బయటికొచ్చేయండి. చట్టం దాన్ని మెషిన్ గన్‌గానే చూస్తుంది.

లోపం దొరికితే 4473 నింపకండి. రంధ్రాలు, మరలు, సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీసి అదే రోజు అమ్మినవాడికి మెయిల్ పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కాలేదు గనుక డీలరే వెనక్కి పంపగలడు. పంపే ఖర్చూ, డీలర్ ఫీజూ, కొన్నిచోట్ల రీస్టాకింగ్ కోతా మీ నెత్తిన పడొచ్చు. ఆర్డర్ పెట్టేముందే ఆ మూడు లెక్కలు అడిగి మెయిల్‌లో రాయించుకోండి.