చండీగఢా, అహ్మదాబాదా: వైజాగ్ నుంచి ఒక్క ట్రిప్పే అయితే ఏది మేలు?

"పిల్ల బి.ఆర్క్‌లో చేరింది. సెలవుల్లో ఎటైనా తీసుకెళ్ళి నాలుగు మంచి బిల్డింగులు చూపిద్దామనుకుంటున్నాం. చండీగఢ్ మంచిదా, అహ్మదాబాదా?"

సీతమ్మధారలో నా దగ్గరికి ఇంటి ప్లాన్ కోసం వచ్చేవాళ్ళు, ప్లాన్ సంగతంతా అయిపోయి కుర్చీ వెనక్కి జరిపాక అడిగే ప్రశ్న ఇది. ఆధునిక డిజైన్‌కీ ఆర్కిటెక్చర్‌కీ ప్రత్యేకంగా ఒక మ్యూజియం మన ఊళ్ళో లేదు, ఊరు దాటక తప్పదు. చండీగఢ్ నేను నాలుగేళ్ళ కింద ఒక్కణ్ణే చూసొచ్చాను. అహ్మదాబాద్ మొన్న జనవరిలో మా మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తనూ బి.ఆర్క్ రెండో ఏడే. అందుకని ఒకేసారి రాసిపెడితే అడిగినవాళ్ళకి ఇదే చదవమని చెప్పొచ్చు.

ముందు చండీగఢ్ పక్షాన మాట్లాడతాను. "మ్యూజియం" అన్న మాటకి కట్టుబడితే అదే గెలుస్తుంది. సెక్టర్ 10లో అచ్చంగా ఆర్కిటెక్చర్ మ్యూజియమే ఉంది, 1997లో పెట్టారు. ఆ ఊరు ఎలా పుట్టిందో కాగితాల మీద వరసగా చూపిస్తారు. అమెరికన్ ప్లానర్ ఆల్బర్ట్ మేయర్ మొదట గీసిన ప్లాన్‌లో రోడ్లన్నీ వంకర్లు తిరుగుతూ ఆకులో ఈనెల్లా ఉంటాయి. అతనితో పనిచేసిన ఆర్కిటెక్ట్ నొవిట్‌స్కీ 1950లో విమాన ప్రమాదంలో పోయాడు. మరుసటేడు ఫ్రాన్స్ నుంచి లె కార్బుసియే అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ వచ్చి ఆ వంకర్లన్నీ సాపు చేసి గళ్ళు గీశాడు. ఒక ఊరి చిత్తుప్రతినీ సాపుప్రతినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మన దేశంలో ఇంకెక్కడుందో నాకు తోచదు.

దాని పక్కనే ప్రభుత్వ మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ. 1968లో తెరిచిన ఆ బిల్డింగు కార్బుసియే డిజైన్. సెక్టర్ 19లో ఆయన బృందం పనిచేసిన పాత ఆఫీసునే లె కార్బుసియే సెంటర్‌గా మార్చారు. సెక్టర్ 5లో పియర్ జానరే ఉన్న ఇల్లు 2017 నుంచి మ్యూజియం. నా ఓటు ఈ ఇంటికే. జానరే కార్బుసియేకి బంధువు. పెద్దాయన వచ్చి పోతుంటే ఇతను ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పని చేయించాడు. చనిపోయాక అస్థికలు సుఖ్నా చెరువులోనే కలిపారు. టేకు కాళ్ళూ కేన్ అల్లికా ఉన్న ఆయన కుర్చీ దగ్గర కూచుని కాళ్ళ జాయింటు చూడండి. తిరగేసిన V లాగా ఉంటాయి ఆ కాళ్ళు, మన వడ్రంగి చూస్తే రేపటికి చేసిచ్చేంత సాదాగా. ఆఫీసుల్లో విరిగి, గోడౌన్లలో పడున్న ఆ కుర్చీలే విదేశీ వేలాల్లో లక్షలు పలకడం మొదలయ్యాక, 2011లో కేంద్రం వాటిని దేశం దాటించకూడదని ఆదేశమిచ్చింది.

మరి ఇన్ని ఉండగా నేను చండీగఢ్ ఎందుకు అనట్లేదు? నా లెక్కలో అసలు సంగతి ఒక్కటే: బిల్డింగులో మనల్ని ఎంతసేపు ఉండనిస్తారు?

బిల్డింగు బొమ్మ కాదు, నిలబడి చూసి పక్కకి జరగడానికి. పొద్దున పదింటికి ఎండ ఎక్కడ పడింది, రెండింటికి ఎక్కడికి పాకింది, గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతోంది, జనం ఏ మూల కూలబడుతున్నారు - ఇవి తెలియాలంటే మనమూ ఒక మూల కూలబడాలి. చండీగఢ్‌లో అసలు చూడాల్సిన కేపిటల్ కాంప్లెక్స్‌కి, అంటే అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం ఉన్నచోటికి, గుర్తింపు కార్డు చూపించి, చెప్పిన వేళకి, గైడ్ వెంట గుంపుగా వెళ్ళాలి. పంజాబ్, హర్యానా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు నడిచే చోటు, భద్రత అలాగే ఉంటుంది, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ గుంపు కదిలితే మనమూ కదలాలి. 26 మీటర్ల ఓపెన్ హ్యాండ్, అంటే తెరిచిన అరచెయ్యి ఆకారంలో ఉన్న లోహపు శిల్పం కింద నిలబడి అది గాలికి తిరుగుతుందా లేదా అని నేను తలెత్తి చూస్తుండగానే మా గుంపు సగం దూరం వెళ్ళిపోయింది.

అహ్మదాబాద్‌లో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ ఆర్కిటెక్చర్ మ్యూజియం అని బోర్డున్నది వెతకొద్దు. సబర్మతి ఆశ్రమానికి పొండి. గాంధీ ఉత్తరాలూ ఫొటోలూ ఉంచిన గాంధీ స్మారక సంగ్రహాలయాన్ని ఆర్కిటెక్ట్ చార్లెస్ కొర్రియా ముప్పై దాటీ దాటకముందే కట్టాడు, 1963లో పూర్తయింది. ఆరు మీటర్లకి ఆరు మీటర్ల గదులు, ఇటుక స్తంభాలు, పైన పెంకు. కొన్ని గదులకి గోడలున్నాయి, కొన్నిటికి లేవు. మధ్యలో చిన్న నీటి మడుగు.

మా పిల్ల స్తంభానికి ఆనుకుని నేలమీద కూచుని స్కెచ్ బుక్ తీసింది. అరగంట పోయాక, "మావయ్యా, ఇక్కడ ఒక్క అద్దం లేదు చూశావా?" అంది. నేను అంతకుముందొకసారి వచ్చినా చూడలేదు. కిటికీల్లో చెక్క పలకలే ఉన్నాయి, తెరిస్తే గాలీ వెలుతురూ, మూస్తే నీడ. ఇంకో అరగంటకి పైకి చూపించింది. గదికీ గదికీ మధ్య కాంక్రీటు దూలాలు తొట్టిలా లోతుగా ఉన్నాయి. పెంకుల మీంచి జారిన వాన నీళ్ళు అందులోకే పడి బయటికి పోతాయి. దూలమూ అదే, చూరు కాలవా అదే. శ్లాబ్ వేసి, తర్వాత పైపు పెట్టి, ఆ పైపు పక్కనే చెమ్మ దిగుతుంటే ఏటా డాక్టర్ ఫిక్సిట్ పూసే మనకి ఇది ఎలా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. గైడ్ ఉంటే ఆ దూలం గురించి ఒక ముక్క చెప్పి ముందుకి నడిపించేవాడేమో. రెండు గంటలు కూచుంది కాబట్టి పిల్ల తనంతట తను కనిపెట్టింది.

రెండోది మిల్ ఓనర్స్ బిల్డింగు, అంటే బట్టల మిల్లుల యజమానుల సంఘం ఆఫీసు, ఆశ్రమ్ రోడ్డు మీదే. 1954 నాటిది, కార్బుసియేదే. పని రోజుల్లోనే వెళ్ళండి, ఆఫీసులో అడిగి లోపలికి పోవాలి. వైజాగ్ వాళ్ళు ప్రత్యేకంగా చూడాల్సిన బిల్డింగు ఇది, ఎందుకంటే దిక్కులు మనవే. తూర్పున మనకి సముద్రం, దానికి సబర్మతి. పడమర రోడ్డు. తూర్పు వైపు కాంక్రీటు పలకలు నిటారుగా నిలబెట్టాడు, నది కనిపిస్తుంది, గాలి దూరుతుంది. పడమర వైపు అవే పలకల్ని ఏటవాలుగా తిప్పాడు, సాయంత్రపు ఎండ లోపలికి రాదు, రోడ్డు గోలా కనపడదు. ఒకే పలక, తిప్పిన కోణంలోనే తేడా. మన దగ్గర సీ ఫేసింగ్ అని చదరపు అడుగుకి ఇంత ఎక్కువ పెట్టి కొంటాం, వెనక పడమటి బెడ్‌రూం పెనంలా కాలిపోతుంటే ఏసీ బిగిస్తాం.

దోషి ఆఫీసు సంగత్‌కి కూడా వెళ్ళండి. 2018లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ అందుకున్న తొలి భారతీయుడు బాలకృష్ణ దోషి. సగం భూమిలోకి దిగిన కమానుల మీద పగిలిన చైనా టైలు ముక్కలు తెల్లగా పరిచాడు, అవి ఎండని తిప్పికొడతాయి. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మలున్న గుఫా అనే గుహలాంటి గ్యాలరీ కూడా దోషిదే. సాయంత్రం మాత్రమే తెరుస్తారు. పిల్లలకి బాగా నచ్చుతుంది, నాకు అంతంతమాత్రమే.

అహ్మదాబాద్‌తో ఇబ్బందులు లేవని కాదు. చూడాల్సినవి ఊరంతా చెల్లాచెదురు, ఆటోలకే రోజు గడిచిపోతుంది. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన ఐఐఎం లోపలికి ముందే అనుమతి కావాలి, పాత బట్టల కాలికో మ్యూజియానికి ముందే బుకింగ్ కావాలి. కార్బుసియే డిజైన్ చేసిన నగర మ్యూజియం సంస్కార్ కేంద్ర తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. చండీగఢ్‌లో ఈ తిప్పలు తక్కువ, సెక్టర్ నంబరు చెప్తే చాలు. ప్రయాణం చూస్తే, చండీగఢ్‌కి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా పోయి బండి మారాలి. అహ్మదాబాద్ మీదుగా గాంధీధామ్ బండి మన స్టేషన్ నుంచే ఉంది, కానీ వారానికొకసారే. ఎటు వెళ్ళినా సోమవారం దిగొద్దు. చండీగఢ్‌లో నేను సోమవారమే దిగాను, మ్యూజియాలకి సెలవు. చూసుకోకపోవడం నా తప్పే, రోజంతా రోజ్ గార్డెన్‌లో కూచున్నాను.

పాట్నాలో బిహార్ మ్యూజియం సంగతేంటని ఒకరడిగారు. జపాన్ ఆర్కిటెక్ట్ మాకీ పనితనం, బాగుంటుంది. బయటంతా కావాలని తుప్పు పట్టనిచ్చే ఉక్కు పలకలు. ఉప్పుగాలికి గ్రిల్సు మార్చుకోలేక చచ్చే మనం తుప్పు చూడ్డానికి పాట్నా దాకా పోవాలా? హాంకాంగ్‌లో ఎం ప్లస్ మ్యూజియం, జర్మనీలో విట్రా డిజైన్ మ్యూజియం అంటారా, డబ్బుంటే నిక్షేపంగా పొండి. డబ్బే లేకపోతే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి, ఇంత ఇరుకులో వంటిల్లూ పడకా ఎలా ఇరికించారో టేపు పట్టుకుని చూడమనండి పిల్లల్ని. రెండో ఏడు పిల్లలకి అదేం తక్కువ పాఠం కాదు.

రెండు ట్రిప్పులకి వీలుంటే అహ్మదాబాద్ ముందు, చండీగఢ్ తర్వాత. కాగితం మీది గీత అర్థం కావాలంటే ముందు ఒక గోడ నీడలో కూచుని ఉండాలి.

మా మేనకోడలు మద్దిలపాలెంలో వాళ్ళింటి పడమటి బాల్కనీకి అట్టపెట్టె కోసి పలకలు కట్టింది. నిన్న నాలుగున్నరకి వెళ్ళి చూశాను. ఎండ ఇంకా తలుపు గడప దాకా వస్తోంది. "ఇంకో పది డిగ్రీలు తిప్పాలి మావయ్యా" అంటూ కత్తెర కోసం లోపలికి పోయింది.