గూగుల్ సెర్చ్ కన్సోల్: మా పచ్చళ్ల సైటుకు ఏడాదిన్నర వాడాక

పాలకొల్లులో మా అత్తయ్యగారు పచ్చళ్లు పెడతారు. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి, చలికాలంలో పండుమిర్చి. జాడీల పని ఆవిడది, సైటు పని నాది. కిందటేడు ఏప్రిల్ నుంచి సెర్చ్ కన్సోల్ వాడుతున్నాను. గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనపడుతోందో సైటు సొంతదారుకు చూపించే గూగుల్ సాధనం ఇది. ఇది అమ్మే సరుకు కాదు, ఉచితం. నేను వాడిన వాటిలో కీవర్డుల (జనం వెతికే మాటల) విషయంలో నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఇదే.

దీనికి ముందు ఒక డిజిటల్ మార్కెటింగ్ కంపెనీకి నెలకు ఎనిమిది వేల చొప్పున ఆరు నెలలు కట్టాం. మా ఆవకాయ పేజీ అడుగున ‘బెస్ట్ ఆంధ్రా పికిల్స్ ఆన్‌లైన్’ అని ముప్పై సార్లు రాసి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో పెట్టారు. మౌస్‌తో లాగితే తప్ప కంటికి కనపడదు. పేజీ కోడులో మెటా కీవర్డ్స్ అని, చదివేవాళ్లకు కనపడని ట్యాగులో యాభై మాటల దండ వేరే. ర్యాంకింగుకు, అంటే ఏ పేజీ ముందు రావాలో తేల్చడానికి, ఆ ట్యాగును చూడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. అక్షరాలు దాచడమైతే గూగుల్ స్పామ్ పాలసీలో (దొంగ కిటుకులు వద్దనే నియమాల్లో) స్పష్టంగా వద్దన్న పని. ఒక ఆదివారం కూర్చుని అవన్నీ పీకేశాను.

సెర్చ్ కన్సోల్ మొదలుపెట్టేటప్పుడు సైటు మనదేనని రుజువు చూపించాలి. డొమైన్ (సైటు పేరు) కొన్నచోట, ఆ పేరుకు సంబంధించిన డీఎన్ఎస్ సెట్టింగుల్లోకి వెళ్లి టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న వరుస ఒకటి పెట్టమంటుంది. నాకు అంతుపట్టక మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు పది నిమిషాల్లో చేయించేశాడు. ఇక అక్కడి నుంచి ఎవరి సాయమూ అక్కర్లేదు.

పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే నాలుగు అంకెలు కనిపిస్తాయి: క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో మన పేజీ ఎన్నిసార్లు కనపడిందో), సీటీఆర్ (కనపడినవాటిలో నూటికి ఎన్ని క్లిక్కులో), సగటు స్థానం (ఫలితాల్లో సగటున ఎన్నోదిగా వచ్చామో). వాటి కింద క్వెరీల పట్టిక. గూగుల్లో జనం ఏం కొడితే మన పేజీ వచ్చిందో ఆ మాటలు, వాళ్ల తప్పులతో సహా, ఉన్నవున్నట్టు ఉంటాయి. నేను రోజూ చూసేది ఆ పట్టికే.

మామిడికాయల హడావిడి అయిపోయి జూలైలో కాస్త తీరిక దొరికాక దాన్ని కూర్చుని చదివాను. అన్నిటికంటే పైన ‘గోంగూర పచ్చడి’. ఇంప్రెషన్లు రెండు వేలు దాటాయి, క్లిక్కులు ఏడు. ఇంతమందికి కనపడి ఏడుగురేనా అని ఆ రాత్రి టెన్షన్ పడ్డాను. పొద్దున్నే ఫోన్లో అదే మాట కొట్టి చూస్తే విషయం తెలిసింది. వచ్చినవన్నీ వంట వీడియోలే, తయారీ విధానాలే. ఆ వెతికేవాళ్ల ఇంట్లో గోంగూర కట్ట ఉంది, ఎలా నూరాలో తెలియాలి, అంతే. మన దగ్గర కొనడానికి వచ్చినవాళ్లు కారు. అదే పట్టికలో ఎక్కడో నలభయ్యో వరుసలో ‘గోంగూర నిల్వ పచ్చడి కేజీ ధర’ అని ఉంది. ఇంప్రెషన్లు 38, క్లిక్కులు 9. డబ్బులు చేతిలో పట్టుకుని వెతుకుతున్నది వీళ్లు. మా పేజీలో ‘నిల్వ’ అన్న మాట ఒక్కసారే ఉంది, ధర ఎక్కడో అడుగున ఉంది. పేజీ టైటిల్లోకి ‘నిల్వ పచ్చడి’ తెచ్చాను. పావుకిలో, అరకిలో, కిలో ధరలు ఫోటో పక్కనే పెట్టాను. రెండు నెలల్లో గోంగూర ఆర్డర్లు వారానికి మూడు నాలుగు నుంచి పదికి వచ్చాయి. పెద్ద కంపెనీలకు ఇదేం లెక్క కాదు, మాకు మాత్రం ఇంకో జాడీ.

రెండోది ‘తొక్కు’. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన ‘మామిడికాయ తొక్కు’ మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో పట్టికలో కనిపించింది. మా సైటులో ఆ మాటే లేదు. అత్తయ్యకు చెబితే, “అమ్మాయ్, తొక్కేంటే, మనది ఆవకాయ కదా” అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. కరీంనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి “మేడమ్, మామిడికాయ తొక్కు ఉన్నదా?” అని అడిగితే, లేదు, ఆవకాయ ఉందని చెప్పి పెట్టేశాను. తెలంగాణలో నిల్వ పచ్చడిని తొక్కు అంటారని తెలిసి కూడా, మన సరుకుకు అది పేరవుతుందని తట్టలేదు. ఫిబ్రవరిలో ఆ మాట పేజీలో చేర్చాను. హైదరాబాద్, వరంగల్ నుంచి ఆర్డర్లు వచ్చాయి. వెనకే ఒక తిట్టు కూడా వచ్చింది: “ఇందులో అల్లం వెల్లిగడ్డ లేదేంది?” ఆయన అన్నదీ నిజమే. అక్కడ చాలా ఇళ్లలో అల్లం వెల్లుల్లి ముద్ద వేసి తాలింపు పెడతారు. మాది ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు. ఇప్పుడు ‘తొక్కు’ అన్న మాట పక్కనే, ఇది గోదావరి పద్ధతి ఆవకాయ, అల్లం ముద్ద పడదు, తాలింపు ఉండదు అని రాశాను. ఆ మాటకు క్లిక్కులు కాస్త తగ్గాయి, ఫిర్యాదులు ఆగాయి.

స్పెల్లింగుల గొడవకు ఇందులో మంచి ఉపాయం ఉంది. ‘ఆవకాయ’ను ఇంగ్లిష్ అక్షరాల్లో మొదట ఒక ‘ఏ’తో, రెండు ‘ఏ’లతో, చివర ‘వై ఏ’తో, ఉత్త ‘ఐ’తో, ఎవరికి తోచినట్టు వాళ్లు కొడతారు. క్వెరీ ఫిల్టరులో రీజెక్స్ (ఒకే నమూనాతో పలు రూపాలను పట్టే పద్ధతి) ఎంచుకుని, ఈ రూపాల మధ్య నిలువు గీత పెడితే అన్నీ కలిపి ఒకే లెక్క వస్తుంది. అన్ని స్పెల్లింగులూ పేజీలో కుక్కాల్సిన పనే లేదు. తెలుగులో ఒకసారి, వాడుకలో ఉన్న ఒక ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒకసారి రాశాను. మిగతావి గూగులే కలిపి చూసుకుంటోంది.

ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో అంచనా చెప్పే గూగుల్ కీవర్డ్ ప్లానర్ కూడా వాడి చూశాను. దానికి గూగుల్ యాడ్స్ (ప్రకటనల) ఖాతా కావాలి. మాలాగా యాడ్స్‌కు డబ్బు పెట్టనివాళ్లకు నెలకు ‘వెయ్యి నుంచి పది వేలు’ అని గంపగుత్తగా చెబుతుంది. వెయ్యికీ పది వేలకూ మధ్య మా కొట్టు మొత్తం పడుతుంది! అందులో ‘కాంపిటీషన్’ అనే గడి చూసి నేను మోసపోయాను. ‘హై’ అని ఉంటే ఆ మాటకు మనం పైకి రాలేమనుకుని వదిలేశాను. అది యాడ్స్ వేసేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో అది చెప్పదు. ఏ మాటను ఎప్పుడు ఎక్కువ వెతుకుతారో గీత గీసి చూపించే గూగుల్ ట్రెండ్స్ మాత్రం సీజను పట్టుకోవడానికి బాగుంది. ఆవకాయ గీత ఏప్రిల్, మేలలో గుట్టలా లేస్తుంది. కాకపోతే అందులో 100 అంటే వంద మంది కాదు, ఆ కాలంలో అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తారు.

సెర్చ్ కన్సోల్లో లోపాలు లేవని కాదు. పట్టికలో వెయ్యి వరుసలకు మించి చూపించదు. మరీ తక్కువమంది కొట్టిన మాటలను వాళ్ల గోప్యత కోసం దాస్తుంది. మాలాంటి చిన్న సైటుకు అసలు సరుకంతా అలాంటి మాటల్లోనే ఉంటుంది కాబట్టి ఆ దాచినవి చాలా ఎక్కువ. సగటు స్థానం 14 నుంచి 22కు పడిపోయిందని ఒకసారి కంగారుపడ్డాను. చూస్తే పాత మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొత్త మాటలు కొన్ని నలభైల్లో చేరి సగటును లాగాయి. ఏ మాటకు ఆ మాట విడిగా చూసుకోవాలి. మార్చిన పేజీని మళ్లీ చూడమని గూగుల్‌ను అడిగే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ ఒకసారి నొక్కితే చాలు, పదిసార్లు నొక్కితే పని త్వరగా అవ్వదు. నేను నొక్కాను, అందుకే చెబుతున్నా.

నన్ను బాగా దెబ్బతీసింది ఇంకొకటి. డేటా 16 నెలలే ఉంటుంది. ఈ అక్టోబరులో కిందటేటి ఆవకాయ సీజన్ను ఈ ఏటితో పోల్చి చూద్దామని తెరిస్తే కిందటేటి ఏప్రిల్, మే లేవు. నాకు కావలసినవే ఆ రెండు నెలలు. గడువు ముందే తెలుసు, దించి దాచుకోకపోవడం నా బద్ధకం. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున ఎక్స్‌పోర్ట్ కొట్టి షీటులో పెట్టుకుంటున్నాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. ‘ఆవకాయ’ అన్న ఒంటరి మాటకు మేమింకా రెండో పేజీలోనే ఉన్నాం, దాని వెంట పడటం మానేశాను. పట్టికలో ఈ మధ్య ‘వెల్లుల్లి లేని ఆవకాయ’ కనపడుతోంది. అత్తయ్యతో మాట్లాడాను. వచ్చే వేసవికి ఒక చిన్న జాడీ విడిగా పెడతానన్నారు. జాడీ ఖాయమయ్యాకే పేజీ రాస్తాను.