పాత జిల్లా పేరు, కొత్త జిల్లా పేరు: వందల ఫైళ్లలో మార్చిన వర్డ్ మాక్రో ఎంతవరకు పనికొచ్చింది?

మాది నరసరావుపేటలో దస్తావేజులు రాసే ఆఫీసు. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగపరిష్కారాలు, అగ్రిమెంట్లు అన్నీ కలిపి మా కంప్యూటరులో ఆరువందలకు పైగా వర్డ్ ఫైళ్లున్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు మా ఊరు గుంటూరు జిల్లా నుంచి విడివడి పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. అప్పటినుంచి ఏ పార్టీ పని వస్తే ఆ ఫైలు తెరిచి జిల్లా పేరు చేత్తో మార్చుకుంటూ వచ్చాము. ఎక్కడో ఒకచోట పాత పేరు మిగిలిపోవడం, ప్రింటు తీశాక కంటబడడం, పేజీ మళ్లీ తీయడం మామూలైపోయింది. చివరికి ఫైళ్లన్నిటినీ ఒకేసారి సరిచేయాలని కూర్చున్నప్పుడు నేను వాడిచూసిన సాధనాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

వర్డ్‌లోని ఫైండ్ అండ్ రీప్లేస్ అందరికీ తెలిసినదే. తెరిచి ఉన్న ఒక్క ఫైలుకు అది చక్కగా పనిచేస్తుంది గాని, ఫోల్డరు మొత్తానికి వర్తింపజేసే ఏర్పాటు అందులో లేదు. వర్డ్ లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ రైటరులోనూ అంతే; వెతికే పెట్టె వర్డ్ కన్నా శక్తిమంతమైనదే అయినా ఒక్కసారికి ఒక్క ఫైలే. డిఎన్‌గ్రెప్ అనే ఉచిత ప్రోగ్రాము వర్డ్ ఫైళ్ల లోపలికి వెళ్లి మాట ఎక్కడుందో చూపిస్తుంది, కానీ వాటిలో మార్పు చేయదు. మార్చే ముందు ఏ ఫైలులో ఏముందో జాబితా తీసుకోవడానికి మాత్రం అది నాకు చాలా ఉపకరించింది.

డబ్బు పెట్టి కొన్న ఒక చిన్న సాఫ్ట్‌వేరు కూడా వాడాను. దాని పేరు రాయను. అది అయిదు నిమిషాల్లో పని ముగించి అంతా మార్చానని చెప్పింది. తెరిచి చూస్తే చాలా ఫైళ్లలో పాత పేరు చెక్కుచెదరకుండా ఉంది. కారణం తరువాత తెలిసింది. డాక్స్ (.docx) ఫైలు, అంటే ఇప్పటి వర్డ్ ఫైలు, నిజానికి ఒక జిప్ పొట్లం; కొన్ని చిన్న ఫైళ్లను కుదించి కట్టిన మూట. మనకు తెరమీద ఒకే మాటగా కనిపించే ‘గుంటూరు జిల్లా’ లోపల రెండు మూడు ముక్కలుగా తెగి ఉండవచ్చు; మధ్యలో ఎప్పుడో ఒక అక్షరం దిద్దినా, కొంతభాగం బోల్డ్ చేసినా అలా తెగుతుంది. ఆ ముక్కలను విడివిడిగా చూసే ప్రోగ్రాముకు పూర్తి మాట ఎప్పటికీ దొరకదు. పైగా హెడ్డరు, ఫుట్టరు, ఫుట్‌నోటు ఆ పొట్లంలో వేరే వేరే ఫైళ్లుగా ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేరు వాటి జోలికే పోలేదు.

అందువల్ల చివరికి వర్డ్ మాక్రోకే, అంటే వర్డ్ చేత పనులు వరుసగా చేయించే చిన్న కోడుకే, వచ్చాను. మాక్రో వర్డ్ చేతనే ఒక్కొక్క ఫైలు తెరిపించి, వెతికించి, మార్పించి, భద్రపరచి మూయిస్తుంది కాబట్టి ముక్కల బెడద ఉండదు. హెడ్డర్లు, ఫుట్టర్లు, టెక్స్ట్ బాక్సుల్లోకి కూడా వెళ్లాలని కోడులో ప్రత్యేకంగా రాయాలి. రాయకపోతే అదీ పేజీ మధ్యనున్న పాఠంతోనే సరిపెట్టుకుంటుంది. అదనపు ఖర్చు లేదు, అయితే కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసిన వర్డ్ ఉండాలి. బ్రౌజరులో తెరిచే వర్డ్‌లోనూ, ఫోనులోనూ మాక్రోలు నడవవు.

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాక్రో రాసే కిటికీలో తెలుగు నిలవదు. ‘గుంటూరు జిల్లా’ అని అతికిస్తే వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలు పడతాయి, మాక్రో వాటినే వెతుకుతుంది. మొదటిరోజు సాయంత్రమంతా నాకు దీనితోనే గడిచిపోయింది. పరిష్కారం తేలికైనదే. వేరొక వర్డ్ ఫైలులో రెండు గడుల పట్టిక వేసి, ఎడమవైపు పాత మాట, కుడివైపు కొత్త మాట రాసిపెట్టి, మాక్రో ఆ పట్టికను చదువుకునేలా చేయాలి. అలా చేశాక మాటలు చేర్చాలన్నా తీసేయాలన్నా కోడు ముట్టుకోనక్కరలేదు. మా ఆఫీసులో కోడు తెలియనివారు కూడా ఇప్పుడు ఆ పట్టిక దిద్దుకుంటున్నారు.

పట్టికలో ఏం రాయాలన్నదే అసలు పని. ‘గుంటూరు’ అన్నచోటల్లా ‘పల్నాడు’ అని పెడితే కొంప మునుగుతుంది. తెనాలి, మంగళగిరి, పొన్నూరు నేటికీ గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. రేపల్లె బాపట్ల జిల్లాకు వెళ్లింది. మొదటి ప్రయత్నంలో నేను ‘గుంటూరు జిల్లా’ అని మాత్రమే ఇవ్వడంతో తెనాలి వాస్తవ్యుడైన ఒక కొనుగోలుదారు పల్నాడు జిల్లా నివాసి అయిపోయాడు. అంతకన్నా ప్రమాదకరమైనది లింకు దస్తావేజు, అంటే అదే ఆస్తికి ఇంతకుముందు రాసుకున్న దస్తావేజు, ప్రస్తావన. 2009లో రిజిస్టరైన దస్తావేజును ఉటంకించే వాక్యంలో అప్పటి జిల్లా పేరే ఉండాలి, దాన్నీ మాక్రో మార్చేసింది. మా పెద్దాయన చిత్తుప్రతి పైకి చదువుతూ అక్కడ ఆగి, ‘ఏమయ్యా, అప్పటికి పల్నాడు జిల్లా ఎక్కడుంది?’ అని అడిగేదాకా నాకు తట్టలేదు. మార్చింది నకళ్లలోనే కాబట్టి బతికిపోయాను. ఫైలు భద్రపరచి మూసేశాక మాక్రో చేసిన మార్పును వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆ తరువాత పట్టికలో ‘నరసరావుపేట మండలం, గుంటూరు జిల్లా’ అంటూ మండలం పేరుతో సహా పూర్తి పదబంధాలే రాశాను. కామా ఉన్న రూపం, లేని రూపం, రెండు ఖాళీలు పడిన రూపం, ‘జిల్లా : గుంటూరు’ అని తిరగబడిన రూపం, ఇలా ఒక్క చిరునామాకే ఆరేడు వరుసలయ్యాయి. మన విభక్తులు మాత్రం ఇబ్బంది పెట్టలేదు. ప్రత్యయాలన్నీ ‘జిల్లా’ అన్న మాటకే అంటుకుంటాయి గనుక ‘జిల్లాలోని’, ‘జిల్లాకు’ వాటంతట అవే సరిపోయాయి. రిజిస్టరైపోయిన దస్తావేజుల కాపీలను ముట్టుకోకూడదు కాబట్టి వాటిని వేరే ఫోల్డరులోకి తీసి, మిగిలిన 240 నమూనాల మీదనే మాక్రో నడిపాను. పదిహేను నిమిషాలు పట్టింది.

మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి పాస్‌వర్డ్ ఉన్న ఫైలు దగ్గర, ఇంకోసారి పక్క కంప్యూటరులో తెరిచి ఉన్న ఫైలు దగ్గర. ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపే ఏర్పాటు) పెట్టి ఉన్న ఫైళ్లలో పాత మాట కొట్టివేతగా మిగిలే ఉంటుంది కాబట్టి ముందే ఆ మార్పులను ఆమోదించి, ట్రాక్ చేంజెస్ ఆపి ఉంచుకోవాలి. ఇంటర్నెట్ నుంచి దింపుకున్న మాక్రో ఫైళ్లను ఆఫీస్ ఇప్పుడు మామూలుగా నడవనివ్వదు. కోడు చదివి, అర్థం చేసుకుని, సొంతంగా అతికించుకోవడమే మేలు.

వర్డ్ ఉన్న ఆఫీసుకు, చిన్నపాటి కోడు చూసి బెదరని మనిషి ఒకరుంటే, నేను ఈ మాక్రోనే సూచిస్తాను. పాతిక ఫైళ్లకైతే ఇంత తతంగం అక్కరలేదు, చేత్తో మార్చుకోవచ్చు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత నమూనాలు మాత్రం నాకింకా మిగిలే ఉన్నాయి. వాటిలో తెరమీద కనబడేది తెలుగే అయినా లోపల ఉన్నవి యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ప్రామాణిక రూపం) తెలుగు అక్షరాలు కావు, అందుచేత నా పట్టికలోని ఒక్క వరుస కూడా వాటికి తగల్లేదు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, ఆ తరువాతే మాక్రోకు ఇవ్వాలి. రోజుకు రెండు మూడు చొప్పున ఇప్పుడు ఆ పని నడుస్తోంది.