కాంతిని తట్టుకోలేని కళ్లకు ఎఫ్‌ఎల్‌-41 అద్దాలు: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

నేను ఆటిజం ఉన్న మనిషిని. ఆరుబయట ఎండ, లోపల ట్యూబులైటు, రెండూ నా కళ్లకు చిన్ననాటి నుంచీ పడవు. అందుకే ఎఫ్‌ఎల్‌-41 అనే గులాబి ఛాయ అద్దాలను కొన్నేళ్లుగా వాడుతున్నాను. వాటికి తోడు ముదురు రంగు చలువ కళ్లద్దాలు, వెడల్పాటి అంచున్న టోపీ కూడా ఎప్పుడూ నా వెంట ఉంటాయి. వీటిలో ఏది ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ రాలేదో నాలాంటి వారికీ, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకూ పనికొచ్చేలా రాస్తున్నాను.

ఈ ఇబ్బంది ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, ఎందుకంటే చూసేవారికి ఇది అలకలాగానో బద్ధకంలాగానో కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం గడప దాటి ఎండ పడుతున్న తెల్లటి గోడ ఎదుట నిలబడితే నా కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, నుదురు బిగుసుకుంటుంది, పక్కనున్న మనిషి మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. కళ్ల మంట కన్నా ఆ మాట అందకపోవడమే నాకు పెద్ద నష్టం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన, మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే గ్రంథం డీఎస్‌ఎం-5, ఇంద్రియాలు అతిగా స్పందించడాన్నీ, తక్కువగా స్పందించడాన్నీ ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అయితే ఆటిజం ఉన్న అందరికీ వెలుతురు పడదని అనుకోకూడదు. మెరిసే దీపాల వైపు కళ్లార్పకుండా చూస్తూ ఆనందించేవారూ ఉన్నారు.

ఎఫ్‌ఎల్‌-41 అద్దం నల్లద్దంలా వెలుతురునంతటినీ ఒకే మోతాదులో తగ్గించదు. నీలం, ఆకుపచ్చ కలిసే చోట, అంటే సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కాంతిని ఎక్కువగా ఆపి, తక్కిన దానిలో చాలా భాగాన్ని లోపలికి రానిస్తుంది. కంటి వెనుక పొర అయిన రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కణాలు అత్యధికంగా స్పందించేది ఆ ప్రాంతపు కాంతికే. కంటిపాప కుంచించుకోవడంలో, నిద్రా మెలకువల గడియారాన్ని సరిచేయడంలో పాలుపంచుకునే ఈ కణాలకు, వెలుతురు వల్ల కలిగే నొప్పితోనూ సంబంధం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ఈ అద్దాలకు పేరు తెచ్చింది మైగ్రేన్ (పార్శ్వపు తలనొప్పి) ఉన్న పిల్లలపై ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన అధ్యయనం. 1991లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, నాలుగు నెలలు ఈ అద్దాలు ధరించిన పిల్లలకు తలనొప్పులు నెలకు సగటున 6.2 నుంచి 1.6కు తగ్గాయి. వీటిపై వచ్చిన పరిశోధన ప్రధానంగా మైగ్రేన్ ఉన్నవారి మీద, కనురెప్పలు అదుపు లేకుండా బిగుసుకుపోయే వారి మీద జరిగింది గనుక, వీటిని ఆటిజానికి చికిత్స అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు.

నాకు వీటి విలువ తెలిసింది నాలుగు గోడల మధ్యే. పాతకాలపు చోకు ఉన్న ట్యూబులైటు, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 సార్లు మినుకుమంటుంది. చాలామందికి ఆ మినుకు తెలియనే తెలియదు. నాకు మాత్రం అలాంటి గదిలో కాసేపు కూర్చుంటే కాగితం మీది అక్షరాలు అంచుల దగ్గర కదులుతున్నట్టు తోచి, చదివిన వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదవవలసి వస్తుంది. ఎఫ్‌ఎల్‌-41 పెట్టుకున్నాక ఆ మినుకు పోలేదు, పోదు కూడా. దాని పదును తగ్గింది. సాయంత్రానికి తల దిమ్మెక్కి, ఇంటికి చేరగానే చీకటి గదిలో పడుకోవలసి రావడం బాగా అరుదైంది. ఎలక్ట్రానిక్ చోకు ఉన్న ట్యూబులైట్లు సెకనుకు 20,000 సార్లకు పైగా మినుకుమంటాయి, అంత వేగం కంటికి అందదు కాబట్టి వాటితో ఈ బాధ లేదు. మీ బల్లపైనున్న దీపాన్ని మార్చించుకునే వీలుంటే అద్దాల కన్నా ముందు ఆ పని చేయండి.

రంగుల సంగతి కూడా తెలిసి ఉండాలి. పెట్టుకోగానే తెల్లకాగితం లేత గులాబిగా, ఆకులు వాడినట్టుగా కనిపిస్తాయి. కొన్ని నిమిషాల్లో కన్ను సర్దుకుంటుంది. తీయగానే ప్రపంచమంతా కాసేపు నీలిపచ్చగా తోస్తుంది. రంగులతో పనిచేసేవారికి ఇది అడ్డంకే. రాత్రిపూట బండి నడిపేటప్పుడు రంగు అద్దాలు ఏవైనా సరే పెట్టుకోకూడదు.

ఫ్రేము గురించి ఎవరూ సరిగా చెప్పరు. వెలుతురు పడనివారిలో చాలామందికి తాకిడి కూడా పడదు. ముక్కు మీద ఆనే చిన్న ప్లాస్టిక్ దిమ్మెలు, చెవి వెనుక ఒరుసుకునే కాడలు రోజంతా మనసును లాగుతూ ఉంటే, కంటికి దొరికిన ఊరట చర్మం దగ్గర పోతుంది. బరువు తక్కువగా ఉండి, ముక్కు దగ్గర దిమ్మెలు లేకుండా ఒకే ముక్కగా ఉన్న ఫ్రేము నాకు కుదిరింది. పక్కల నుంచి వచ్చే వెలుతురు ఇంకొక చిక్కు. వెనుక కిటికీ ఉంటే ఆ వెలుతురు అద్దం లోపలి వైపు పడి తిరిగి నేరుగా కంటిలోకి వస్తుంది. అందుకే అద్దం లోపలి వైపున కూడా ప్రతిబింబాలను తగ్గించే పూత వేయించాలి, ఫ్రేము కంటికి దగ్గరగా, పక్కల కాస్త వంగి ఉండాలి.

ఎండలో ఎఫ్‌ఎల్‌-41 ఒక్కటే చాలదు. పనిచేసే గదిలో వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, నడినెత్తి ఎండలో అది సుమారు లక్ష లక్స్ వరకు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం చలువ కళ్లద్దాలను 0 నుంచి 4 వరకు ఐదు తరగతులుగా విభజించింది. 3వ తరగతి అద్దం కాంతిలో 8 నుంచి 18 శాతాన్ని లోపలికి పంపుతుంది. లెక్క వేసి చూస్తే ఆ అద్దం వెనుక కూడా ఎనిమిది వేల లక్స్‌కు పైగానే మిగులుతుంది. 4వ తరగతి అద్దం ఇంకా ముదురు, 3 నుంచి 8 శాతమే పంపుతుంది. దాన్ని పెట్టుకుని బండి నడపకూడదు. అతినీల లోహిత కిరణాలను 400 నానోమీటర్ల దాకా ఆపుతుందన్న గుర్తు లేని ముదురు అద్దాన్ని అసలు కొనవద్దు, ఎందుకంటే ముదురు రంగు వెనుక కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలకు మరింత దారి ఇస్తుంది.

ఈ లెక్క చూస్తే టోపీ ఎందుకు అంతగా పనిచేస్తుందో అర్థమవుతుంది. పైనుంచి పడే వెలుతురును అద్దం తగ్గిస్తుంది, టోపీ అంచు అసలు కంటిదాకా రానివ్వదు. నా అనుభవంలో ఆరుబయట సగానికి పైగా ఊరట దానివల్లే దొరికింది. చెట్ల వరుస పక్కన బస్సులో వెళ్తున్నప్పుడు వెలుగు నీడలు కంటి మీద టకటకా కొడుతుంటాయే, ఆ బాధకు మాత్రం టోపీ అంచును కిటికీ వైపు తిప్పుకుని కళ్లు మూసుకోవడం తప్ప మంచి ఉపాయం నాకు దొరకలేదు.

ఎండకు వాటంతటవే నల్లబడే అద్దాలు నాకు నచ్చలేదు. అవి అతినీల లోహిత కిరణాలకు స్పందించేవి కాబట్టి, ఆ కిరణాలను ఆపే కారు అద్దం వెనుక సరిగా నల్లబడవు. వేడి వాతావరణంలో అంత ముదురుగా మారవు. లోపలికి వచ్చాక తేటపడటానికి నిమిషాలు పడుతుంది.

ముదురు అద్దాలను ఇంటి లోపల వాడవద్దని కంటి వైద్యులు గట్టిగా చెబుతారు. కన్ను చీకటికి అలవాటు పడితే మామూలు వెలుతురు కూడా కొరకరాని కొయ్య అవుతుంది. లేత గులాబి అద్దం నాకు నచ్చడానికి ఇదొక పెద్ద కారణం. ఎదుటివారికి నా కళ్లు కనిపిస్తాయి గనుక, తీసేయమని అడిగేవారు కూడా తక్కువ.

నీడపట్టునే ఉండిపోయేవారు ఆలోచించవలసిన విషయాలు రెండున్నాయి. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి కావలసిన యూవీబీ అనే అతినీల లోహిత కిరణాలు కిటికీ అద్దం గుండా రావు. కాబట్టి కిటికీ దగ్గర కూర్చుంటే ఆ లోటు తీరదు, రక్తపరీక్ష చేయించుకుని వైద్యుల సలహా తీసుకోవాలి. ఉదయపు వెలుతురు నిద్రను గాడిలో పెడుతుంది, ఆటిజం ఉన్నవారిలో నిద్ర సమస్యలు ఎలాగూ ఎక్కువ. అందుకే నేను పొద్దున్నే, నీరెండ ఉన్నప్పుడు, రంగు అద్దాలు లేకుండా, టోపీ మాత్రమే పెట్టుకుని నడుస్తాను.

కొనే ముందు కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి. వెలుతురు పడకపోవడానికి కళ్లు పొడిబారడం, కంటి లోపలి వాపు, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద గీత, మైగ్రేన్ వంటి వేరే కారణాలు ఉండవచ్చు. ఉన్నట్టుండి మొదలైనా, ఒక కంటికే ఉన్నా, ఎర్రదనం, నొప్పి తోడైనా ఆలస్యం చేయకూడదు. మాటలతో చెప్పలేని పిల్లలైతే, వారు ఏ గదిలోకి రానంటున్నారో, ఏ దీపం కింద ముఖం దాచుకుంటున్నారో, ఏ వేళలో బయటకు రావడానికి ఇష్టపడుతున్నారో కొన్నాళ్లు గమనించి రాసుకుని వైద్యులకు చూపండి. అద్దాలు తెచ్చాక బలవంతంగా పెట్టకుండా వారికి అందేచోట ఉంచండి, అక్కర అనిపించినప్పుడు వారే తీసి పెట్టుకుంటారో లేదో చూడండి.