గాలం ఇంట్లో పెట్టి తిరిగిన చలికాలం

మా మామయ్య ఆదివారాలన్నీ చెరువు గట్టు మీదే గడిచాయి. బీహెచ్ఈఎల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లోనూ అంతే, రిటైరయ్యాక మరీ ఎక్కువ. శనివారం రాత్రే ఎర్రలు తవ్వి డబ్బాలో వేసుకునేవారు, పిండిముద్దలు కలిపి తడిగుడ్డలో చుట్టుకునేవారు. పోయిన వానాకాలంలో మోకాలి చిప్ప మార్చారు. జారే గట్ల మీదికి దిగొద్దని, కింద గొంతుక్కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. దసరా దాకా ఆయన టీవీ ముందు కూర్చుని ఉండటం చూశాం. టీవీ చూస్తున్నారని కాదు, దాని ముందు కూర్చున్నారంతే. తలుపు వెనక ఆనించిన గాలం కర్ర మీద దుమ్ము పేరుకుంది.

చేపలు పట్టడం కాకుండా బయట చేయగలిగేది ఏదో ఒకటి ఆయనకు దొరకాలని అక్టోబరు చివర్నుంచి మేం బయల్దేరాం. మేమంటే నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాప, మామయ్య. నాలుగు నెలల్లో హైదరాబాద్ చుట్టుపక్కల తిరిగిన చోట్ల గురించి రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకు ఉపయోగపడుతుందని ఆశ.

మొదట వెళ్ళింది మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న అమీన్‌పూర్ చెరువుకు. ఇన్నేళ్ళుగా దాని పక్కనుంచి వెళ్తూ కూడా ఎప్పుడూ ఆగలేదు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరంలోని చెరువుకు ఈ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఉదయం ఆరున్నరకు కారు ఆపి, మడత కుర్చీ వేసి మామయ్యను కూర్చోబెట్టాం. కొత్తగా కొన్న బైనాక్యులర్ చేతికిచ్చాం. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. కొనేవాళ్ళు ఇదే కొలత తీసుకోండి. పది, పన్నెండు రెట్లవి పెద్దవాళ్ళ చేతుల్లో వణుకుతాయి, పిట్ట చూపుకు ఆనదు.

మొదటి పావుగంట ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత బైనాక్యులర్ దించకుండానే, "అల్లుడూ, గా నల్లపిట్ట మునిగిన కాడ నీళ్ళు జూడు. జెల్ల దొరికినట్టున్నది" అన్నారు. నీటికాకి పైకి తేలింది. ముక్కులో నిజంగానే జెల్ల. మాకు నీళ్ళ మీద పిట్ట ఒక్కటే కనిపిస్తుంది. ఆయనకు నీళ్ళ కింద ఏం జరుగుతోందో కూడా తెలుస్తుంది. బుడగలు ఎక్కడ లేస్తున్నాయి, గాలి ఎటు వీస్తే చిన్నచేపలు ఏ ఒడ్డుకు చేరతాయి, ఎండ పెరిగితే ఏ లోతుకు పోతాయి, అన్నీ. ఆ లెక్కతో ఆయన చూపు పెట్టిన చోటే కాసేపటికి లకుముకి పిట్ట వచ్చి వాలేది. పాప ఫోన్లో పిట్టల పేర్లు వెతుకుతుంటే, ఆయన ముందే అటు చెయ్యి చూపిస్తున్నారు. ఆ పొద్దున బుడబుంగలు, బొల్లికోళ్ళు, తీతువులు, రెండు పాలపిట్టలు చూశాం. ఇంటికొచ్చాక మామయ్య రెండుసార్లు అన్నం వడ్డించుకున్నారు.

అమీన్‌పూర్‌లో లోపాలూ ఉన్నాయి. చెరువు చుట్టూ కట్టడాలు మీదికి వచ్చేస్తున్నాయి, కొన్ని వైపులు వాసన వస్తుంది, ఒడ్డున ప్లాస్టిక్ చెత్త. పెద్దవాళ్ళతో వెళ్తే ఇంటి దగ్గరే అన్నీ ముగించుకుని బయల్దేరండి, మాకు దగ్గర్లో బాత్రూమ్ దొరకలేదు. సంక్రాంతి తర్వాతి వారం వెళ్ళినప్పుడు తుమ్మకొమ్మకు మాంజా చుట్టుకుని, అందులో ఒక కొంగ రెక్క ఇరుక్కుని ఉంది. మా ఆవిడ చున్నీ కప్పి పట్టుకుంటే నేను దారం కోశాను. ఎగిరిపోయింది కానీ, ఆ రోజంతా పాప మనసు బాగోలేదు.

మంజీరకు నవంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి వెళ్ళాం. సంగారెడ్డి దాటాక ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. హైదరాబాద్‌కు తాగునీళ్ళు ఇక్కణ్ణుంచి కూడా వెళ్తాయి. మొసళ్ళున్న నీళ్ళు కాబట్టి పిల్లల్ని అంచుకు పోనివ్వకండి. మొసళ్ళు లేకపోయినా పోనివ్వకండి. దారిలో టిఫిన్ చేసి, నీళ్ళు, మధ్యాహ్నం తిండి కట్టుకుని పోవాలి. మా ఆవిడ జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లికారం తెచ్చింది.

ఇక్కడ నీళ్ళు దూరంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి బైనాక్యులర్ లేకుండా వెళ్ళడం దండగ. తల వెనక రెండు నల్లచారలున్న బాతుల గుంపు ఒకటి కనిపించింది. వాటిని బార్‌హెడెడ్ గూస్ అంటారు. హిమాలయాలు దాటి వస్తాయి. పాప వాటినే చూస్తూ కూర్చుంది. మామయ్య కళ్ళు మాత్రం ఒక ఎండుచెట్టు మీది గద్దపైన నిలిచాయి. అరగంటకు పైగా అది కదల్లేదు, ఆయనా కదల్లేదు. ఉన్నట్టుండి అది లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, కాళ్ళు ముందుకు చాచి నీళ్ళలోకి దూకింది. లేచేటప్పటికి కాళ్ళ మధ్య చేప. చేప తల ముందుకు వచ్చేలా సర్దుకుని ఎగిరింది. "ఇగో అల్లుడూ, కొర్రమీనును ఎట్ల మోస్కపోతున్నదో సూడు!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొత్త మోకాలితో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఇంగ్లీషులో ఆస్ప్రే అంటారు. తెలుగులో దానికి ఉన్న పాత పేరు కొరమీను గద్ద అని ఇంటికొచ్చాక తెలిసింది. ఆ పేరు చెప్పినప్పుడు మామయ్య, మరింకేం పేరు పెడతారు దానికి, అన్నట్టు చూశారు.

తర్వాత తిరిగిన చోట్లు మామయ్యకంటే మాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క. నేల చదునుగా, గుంతల్లేకుండా ఉంది. లారీలు, బస్సులు మీదికొస్తాయన్న టెన్షన్ లేకుండా పాప సైకిల్ తొక్కింది, అది చాలా పెద్ద విషయం. అయితే కప్పు ఉంది కదా అని ఆలస్యంగా వెళ్ళకండి. పొద్దుటి ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతుంది, కప్పు దాన్ని ఆపదు. రోడ్డు హోరు కూడా ఆగదు. ఫిజియోథెరపిస్ట్ సరేనన్నాక మామయ్య కూడా రెండు కిలోమీటర్లు తొక్కారు. బాగుందన్నారు, మళ్ళీ అడగలేదు.

కేబీఆర్ పార్కు గురించి కొత్తగా చెప్పేదేముంది. నడిచేవాళ్ళకు మంచిది, నెమళ్ళు కనిపిస్తాయి, ఆదివారం జనం ఎక్కువ.

ఖాజాగూడ రాళ్ళ గుట్ట నాకు బాగా నచ్చింది. మన దక్కను గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ బండల్ని ఎవరూ పేర్చలేదు. భూమి లోపల గడ్డకట్టిన రాయి పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగిపోయి, చుట్టూ మెత్తబడ్డ మట్టి కొట్టుకుపోతే ఈ గుండ్లు మిగిలాయి. గుట్టమీద ఫక్రుద్దీన్ బాబా దర్గా ఉంది, రాళ్ళ మధ్య గుడి ఉంది. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి ఈ రాళ్ళ కోసం పనిచేస్తున్నారు, జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడిపిస్తుంటారు. రాళ్ళెక్కాలంటే గ్రిప్ ఉన్న బూట్లు ఉండాలి, చెప్పులు వద్దు. మామయ్య కిందే ఉండిపోయారు. పాప మాత్రం కూర్చుని ఒక బండ బొమ్మ గీసింది, దానికి రెండు గంటలు పట్టింది. బయట బొమ్మలు గీయడం కూడా ఇంత మంచి కాలక్షేపమని నాకు అప్పుడే తెలిసింది. ఫోటో తీస్తే అరనిమిషంలో అయిపోయే రాయిని ఆ పిల్ల రెండు గంటలు చూసింది.

ఆ ఊపులో భువనగిరి వెళ్ళాం. ఒకే ఏకశిల మీద కోట, పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలంనాటిది. సికింద్రాబాద్ నుంచి రైల్లో పోవచ్చు. ఇక్కడ బండలెక్కడం నేర్పే రాక్ క్లైంబింగ్ శిక్షణ ఉంది. 2014 మే 25న, 14 ఏళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది ఈ బండ మీదే. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా పాప నిద్రపోలేదు. శిక్షకులు హెల్మెట్ పెట్టి, నడుముకు హార్నెస్ కట్టి, ప్రతి బకెల్‌నూ రెండోసారి లాగి చూసి గాని పిల్లల్ని వదల్లేదు. అది చూశాక మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మీరు ఎక్కడ వెళ్ళినా ఆ రెండోసారి లాగి చూడటం ఉందో లేదో గమనించండి. ఫిబ్రవరి దాటితే బండ పెనంలా కాలుతుంది, చలికాలంలోనే పోవాలి.

మేం డబ్బు పోగొట్టుకున్న చోటు ఒక్కటే. వికారాబాద్ జిల్లా అనంతగిరి దగ్గర ఒక టెంట్ స్టే. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే, అడవి బాగుంటుంది, అందుకని డిసెంబరులో ఒక రాత్రి బుక్ చేశాం. తలకు 1,800 రూపాయలు. ఫోన్లో "ప్రశాంతంగా ఉంటుంది సార్" అన్నారు. వెళ్ళేసరికి పెద్ద స్పీకర్లు, రంగుల లైట్లు. రాత్రి పన్నెండు దాటినా పాటలు ఆగలేదు. మామయ్యకు మందులు వేసుకుని పడుకునే వేళ ఉంటుందని రెండుసార్లు వెళ్ళి అడిగాను. నలుగురికి రెండే దుప్పట్లు ఇచ్చారు, టెంట్ లోపల మంచం లేదు. మోకాలి ఆపరేషన్ అయినాయన నేలమీది పరుపులోంచి లేవలేక ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. బుక్ చేసేముందు మంచం ఉందా, బాత్రూమ్ ఎంత దూరం, రాత్రి ఎన్నింటికి సౌండ్ ఆపుతారు, ఈ మూడూ వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్ మాట నమ్మి నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయొద్దు.

నిద్ర పట్టక నేనూ మామయ్యా టెంట్ల నుంచి కాస్త దూరంగా, లైట్లు పడని చోట కుర్చీలు వేసుకున్నాం. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఫోన్ చూస్తే మళ్ళీ మొదటికే. ఆ తర్వాత ఆకాశం నిండిపోయింది. "అగో పిల్లలకోడి" అని ఆయన చూపించారు. కృత్తికలు. చిన్నప్పుడు పొలానికి కావలి పోయినప్పుడు వాటిని చూసి జాము లెక్కేసుకునేవాళ్ళట. దాని పక్కన ఎర్రగా రోహిణి, ఇంకాస్త అవతల ఆరుద్ర. బైనాక్యులర్ అటు తిప్పితే మామూలుగా ఆరేడు కనిపించే కృత్తికల్లో పదుల కొద్దీ చుక్కలు బయటపడ్డాయి. ఆయన చాలాసేపు దించలేదు. ఇదే ఆకాశం ఊరిబయట ఏ పొలంగట్టు మీద కూర్చున్నా కనిపిస్తుంది, డబ్బు పెట్టక్కర్లేదు. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకుంటే చాలు.

మర్నాడు కోటిపల్లి జలాశయంలో నేనూ పాపా కయాక్ నడిపాం. ఆ ఊరి చుట్టుపక్కల కుర్రాళ్ళే నేర్పిస్తూ నడుపుతున్నారు. లైఫ్ జాకెట్ పట్టీలు పాపకు వాళ్ళే బిగించారు. వదులుగా ఇస్తే తీసుకోకండి, నీళ్ళలో అది పైకి జారిపోతుంది. నీటిమట్టాన్ని బట్టి, అనుమతుల్ని బట్టి ఆపేస్తుంటారు కాబట్టి, ముందు కనుక్కునే బయల్దేరండి. తెడ్డు శబ్దం ఒక్కటే వినిపించే ఆ గంట, రాత్రి సరిగా నిద్రలేని మంటను చాలావరకు తగ్గించింది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నేర్చుకుంటానని పాప ఇప్పుడు పట్టుబట్టింది. జూలైలో వానగాలి బలంగా వీచేటప్పుడు అక్కడ సెయిలింగ్ పోటీలు జరుగుతాయి, అప్పుడు తీసుకెళ్తానన్నాను.

మామయ్య మాత్రం అమీన్‌పూర్ వదల్లేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం అక్కడే. పాత ఫ్యాక్టరీ డైరీ ఒకటి తీసి గీతలు కొట్టారు. ఎడమవైపు పిట్ట పేరు, మధ్యలో టైము, కుడివైపు అది పట్టిన చేప పేరు. నిజాం కాలంలో, 1931-32లో, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారని పాప చెప్పినప్పటి నుంచి తేదీ కూడా తప్పకుండా రాస్తున్నారు. పక్కన కూర్చునే కుర్రాళ్ళు పెద్ద కెమెరాలతో వస్తారు, పిట్ట ఎక్కడ వాలుతుందో ఆయన్నే అడుగుతారు. మొన్నటి పేజీలో ఇలా ఉంది: నీటికాకి, 7.10, జెల్ల. లకుముకి, 7.25, పరక. నీటికాకి, 7.40, తప్పిపోయింది. దాని కింద పాప చేతిరాతతో ఒక ప్రశ్న, తప్పిపోయిన చేప ఏంటి తాతా అని. పక్కన ఆయన జవాబు: రవ్వ, అరకిలో ఉంటది.