మెషిన్ ఉతుకులకు నిలబడే ఊలు ఏది? తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా మనవడికి నేను మొదట అల్లిన స్వెటర్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూడేళ్ల పిల్లాడి కొలతకి అల్లింది, ఇప్పుడు చంటిబిడ్డకి కూడా పట్టదు. మెరీనో జాతి గొర్రెల అచ్చమైన ఊలు. వెన్నలా ఉందని ముచ్చటపడి కొన్నాను. న్యూజెర్సీలో మా అమ్మాయి దాన్ని మిగతా బట్టలతో కలిపి వేడినీళ్లలో మెషిన్‌కి వేసి, డ్రయర్‌లో కూడా తిప్పింది. "ఇద్దరు పిల్లలతో ఒక్కొక్కటీ చేత్తో ఉతికే టైమ్ ఎక్కడుందమ్మా నాకు?" అంది బాధగా. తప్పు తనది కాదు. ఆ ఇంట్లో బట్టలు ఎలా ఉతుకుతారో ముందే అడిగి ఊలు కొనాల్సింది నేను. ఆ స్వెటర్ మీద ఇప్పుడు కుట్లు కనబడవు, అట్టలా బిగుసుకుపోయింది. అంచు దగ్గర కత్తెరతో కోసి చూస్తే ఒక్క పోగు కూడా ఊడి రాలేదు.

ఊలు పోగంటే గొర్రె వెంట్రుకే కదా. దాని మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, అన్నీ కొస వైపే వాలి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే పోగులు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. పొలుసులు అడ్డం పడి మళ్లీ వెనక్కి రానివ్వవు. అందుకే అలా కుంచించుకుపోయినదాన్ని ఏం చేసినా మామూలు చేయలేం.

ఆ తర్వాత నేను ఏం అల్లినా అది మెషిన్‌లోకే వెళ్తుందనుకుని ఊలు ఎంచుకున్నాను. ముందు అక్రిలిక్ అనే కృత్రిమ దారానికి వచ్చాను. ఢిల్లీలో ఉన్న రోజుల్లో పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకున్నది దాంతోనే. మన దగ్గర కొట్లో "ఊలు" అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది ఇదే. అనుమానం ఉంటే చిన్న ముక్క కాల్చి చూస్తాను. అసలు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. ఉతుకుడు విషయంలో దీనికి వంక పెట్టలేం: కుంచించుకుపోదు, రంగు కూడా బాగా నిలుస్తుంది. కానీ నేను అల్లిన నీలం కార్డిగన్‌కి ఒక్క చలికాలంలోనే చంకల కింద, చేతుల అంచుల్లో నూగు లేచి చిన్నచిన్న ఉండలు కట్టేసింది. ఇంకోదాన్ని ఇస్త్రీ పెట్టి ఆవిరి పడితే, బిగువంతా పోయి తడిగుడ్డలా వేలాడిపోయింది. అది మళ్లీ తిరిగి రాలేదు. మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకునే గుణం ఉంది కాబట్టి, వంటింట్లో తిరిగే పిల్లలకి నేను దీన్ని వెయ్యను.

తర్వాత సూపర్‌వాష్ మెరీనో. క్లోరిన్‌తో ఆ పొలుసుల అంచులు తగ్గించి, పైన పలచటి పాలిమర్ (ప్లాస్టిక్ లాంటిది) పూత పూసిన ఊలు ఇది. మెషిన్‌లో వేసినా అట్ట కట్టదు, ఆ మాట నిజం. నేను ఊహించనిది మాత్రం సాగడం. పొలుసుల పట్టు పోయాక కుట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. తడిస్తే స్వెటర్ బరువుకి జారిపోతుంది. నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకి 22 కుట్లు పడ్డాయి, ఉతికాక కొలిస్తే 20. ఆ తేడా స్వెటర్ మొత్తానికి వచ్చిందంటే ఒక సైజు పెరిగినట్టే. అమ్మాయి దాన్ని డ్రయర్‌లో కాసేపు తిప్పి, కొంచెం తడి ఉండగానే తీసి పరిస్తే చాలావరకు దగ్గరపడుతోంది. డ్రయర్ లేని ఇంటికి అల్లాలంటే మాత్రం సూదుల సైజు ఒకటి తగ్గించి బిగువుగా అల్లుతాను.

ఇన్నేళ్లలో నేను మనస్ఫూర్తిగా చెప్పేది సాక్సుల దారం గురించి. సాక్సుల కోసం తయారైంది కదా అని మొదట్లో పక్కన పెట్టాను. 75 శాతం సూపర్‌వాష్ ఊలు, 25 శాతం నైలాన్, పురి గట్టిగా ఉంటుంది. 100 గ్రాముల ఉండలో 420 మీటర్ల దాకా వస్తుంది. నేను వాడిన ఉండల లేబుల్ మీద 40 డిగ్రీల దాకా మెషిన్‌లో ఉతకవచ్చని ఉంది. సన్నది కాబట్టి స్వెటర్ అల్లడానికి ఓపిక కావాలి. నాలుగేళ్ల పిల్లాడికి రెండు ఉండలు, నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ ఎర్ర స్వెటర్‌ని మనవడు రెండు చలికాలాలు వేసుకున్నాడు. తర్వాత చెల్లెలికి వచ్చింది. వారానికోసారి ఉతుకు, రెండుమూడుసార్లు పొరపాటున డ్రయర్ కూడా. మోచేతుల దగ్గర కొంచెం నూగు లేచింది, అంతే. పురి బలం, నైలాన్ బలం కలిసి పనిచేస్తున్నాయని నాకనిపిస్తుంది.

కొట్లో బుగ్గకి ఆనించి మెత్తదనం చూసి కొనడం అప్పటినుంచి మానేశాను. ఉండ కొస పట్టుకుని పురి విప్పి పేటలు లెక్కపెడతాను. ఒకే పేటతో, వదులు పురితో ఉన్నది ఎంత మెత్తగా ఉన్నా తీసుకోను, దానికి నూగు ఉండలు కట్టడం ఖాయం. మూడు నాలుగు పేటలు గట్టిగా పేనినదైతే ముందు ఒక్క ఉండే కొంటాను. జానెడు ముక్క అల్లి, ఎవరికిస్తానో వాళ్లు ఉతికినట్టే మూడుసార్లు ఉతుకుతాను. నచ్చితే అదే లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేసినవని చెప్పే నంబర్) ఉన్నవి మిగతా అన్నీ ఒకేసారి తెచ్చుకుంటాను. లాట్ మారితే రంగులో తేడా అల్లాక కనబడుతుంది.

హైదరాబాద్ చలికి కాటన్ చాలు. ఉతకడం తేలికే కానీ సాగుతుంది, బరువు కూడా. తడిగా దండెం మీద వేస్తే మోకాళ్ల దాకా దిగుతుంది. డాబా మీద నవారు మంచం నీడకి లాగి, తువాలు పరిచి దాని మీద ఆరబెడతాను. చేత్తో ఉతికే ఊలు బట్టలకైతే ఇప్పటికీ పలచటి కుంకుడు రసం, గోరువెచ్చని నీళ్లే. నలపను, పిండను, తువాల్లో చుట్టి నొక్కుతాను.

మొన్న వీడియో కాల్‌లో మనవరాలు ఆ ఎర్ర స్వెటరే వేసుకుని కనిపించింది. చేతులు పొట్టి అయిపోయాయి. అదే దారం ఒక ఉండ మిగిలి ఉంది నా దగ్గర. అంచు విప్పి, కుట్లు ఎత్తుకుని, నాలుగు వేళ్ల పొడవు పెంచి ఇస్తాను, ఈసారి వచ్చినప్పుడు తెమ్మన్నాను.